మల్లెమొగ్గ ఈగ మీద మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

మల్లెతోటలో మొగ్గ ఈగకు ఏ మందు కొట్టాలని అడిగే రైతుకు సాధారణంగా మూడు చోట్ల నుంచి జవాబు దొరుకుతుంది: పురుగుమందుల దుకాణం, పక్క తోట రైతు అనుభవం, ఎప్పుడో అచ్చయి చేతులు మారుతూ వచ్చిన కరపత్రం. వరి, పత్తి, మిరప పంటల మీద ఏ మందు ఎంతవరకు పనిచేస్తుందో చెప్పే ప్రయోగ ఫలితాలు ఏటా వెలువడుతుంటాయి. పూలకు అవి చాలా తక్కువ. అలంకరణ మొక్కల మీద జరిగిన పురుగుమందుల పరీక్షలలో పాలుపంచుకొని, మొగ్గలు విప్పి పురుగులు లెక్కపెట్టిన అనుభవంతో ఇది రాస్తున్నాను. ఫలానా మందు కొట్టమని ఇందులో చెప్పబోవడం లేదు. ఒక మందు పనిచేసిందని అనడానికి ఎలాంటి ఆధారం కావాలో, ఆ ఆధారం చేతికి రావాలంటే పరీక్షను ఆ పురుగు జీవితానికి అనుగుణంగా ఎందుకు తీర్చిదిద్దుకోవాలో వివరించాలని నా కోరిక. అందుకు గుండుమల్లెను, దానిని పట్టి పీడించే మొగ్గ ఈగను తీసుకుంటున్నాను.

ఈ ఈగ శాస్త్రీయ నామం కాంటారీనియా మాక్యులిపెన్నిస్. దోమకంటే చిన్నది, కంటికి ఆనడమే కష్టం. దీని పుట్టిల్లు ఆగ్నేయ ఆసియా అని శాస్త్రవేత్తల అంచనా. అయితే 1933లో దీనికి శాస్త్రీయంగా పేరుపెట్టి వర్ణించింది మాత్రం హవాయి దీవులలో మందార మొగ్గల నుంచి సేకరించిన నమూనాల ఆధారంగా. అక్కడ డెండ్రోబియం ఆర్కిడ్ తోటలకు ఇది పెద్ద బెడద. మన గుండుమల్లెనే హవాయి వాళ్లు పికాకే అని పిలుచుకుంటూ పెళ్లిళ్లకు దండలు గుచ్చుతారు, ఆ మొగ్గలను కూడా ఇదే ఈగ పాడుచేస్తుంది. 1992లో ఫ్లోరిడాలోని ఒక ఆర్కిడ్ గ్రీన్‌హౌస్‌లో బయటపడింది. మల్లె, మందార, ఆర్కిడ్, దేవగన్నేరు పూలతో ఆగకుండా కాకర, టమాటా వంటి కూరగాయల మొగ్గలలో కూడా బతకగలదు. ఇన్ని కుటుంబాల మొక్కల మీద బతికే పురుగును ఒక్క తోటలో అణచినంత మాత్రాన అది పోయిందనుకోవడానికి వీలులేదు.

తల్లి ఈగ మొగ్గ కొన దగ్గర ఉన్న సన్నని సందులో గుంపుగా గుడ్లు పెడుతుంది. ఒక రోజులోపే పిల్లపురుగులు బయటికి వచ్చి మొగ్గ లోపలికి చేరతాయి. అయిదు నుంచి ఏడు రోజులపాటు అక్కడే తింటూ పెరుగుతాయి. ఒక్క మొగ్గలో ముప్పై వరకు ఉండవచ్చు. మల్లెలో ఈ దశలోనే మొగ్గ అడుగుభాగం ఉబ్బి, తెల్లగా ఉండవలసినది ఊదా రంగుకు తిరిగి, ఎదుగుదల ఆగి ఎండిపోతుంది. పెరిగిన పురుగులు మొగ్గ వదిలి, ఒళ్లు విల్లులా వంచి ఎగిరి నేల మీద పడి, తడి మట్టిలో పైపైనే దూరి కోశస్థ దశకు, అంటే కదలకుండా ఉండి రెక్కల ఈగగా మారే ప్యూపా దశకు వెళతాయి. అక్కడ రెండు నుంచి మూడు వారాలు గడిపి, సాయంత్రం చీకటి పడే వేళకు రెక్కల ఈగలుగా పైకి వస్తాయి. ఆ ఈగ బతికేది నాలుగు రోజులు. మొత్తం మీద ఒక తరం పూర్తికావడానికి 21 నుంచి 28 రోజులు పడుతుంది.

ఈ వివరాలను మందు కొట్టే మనిషి వైపు నుంచి ఒకసారి చూడాలి. పురుగు జీవితంలో సగానికి పైగా మట్టిలో గడుస్తుంది, అక్కడికి ఆకుల మీద కొట్టిన మందు చేరదు. మిగిలిన దానిలో ఎక్కువ భాగం ఒకదానిమీద ఒకటి ముడుచుకున్న రేకుల మధ్య గడుస్తుంది, స్పర్శతో చంపే మందు అక్కడికీ చేరదు. మొక్క రసంలో కలిసి పాకే అంతర్వాహిక మందులు చేరతాయి కదా అని అడగవచ్చు. అవి ప్రధానంగా వేరు నుంచి ఆకుకు నీరు ఎక్కే దారిలోనే ప్రయాణిస్తాయి. ఆకు నీటిని బాగా ఆవిరి చేస్తుంది కనుక మందు అటే పోతుంది. మొగ్గ, పూరేకు ఆవిరి చేసే నీరు తక్కువ కనుక వాటికి అందే మందు కూడా తక్కువే. ఆకుల మీది పేనుబంకను శుభ్రంగా తుడిచిపెట్టే మందు, అదే మొక్క మొగ్గలోని పురుగు మీద నిరాశపరచడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం. ఇక మిగిలింది మట్టిలోంచి లేచి గుడ్లు పెట్టే లోపు తిరిగే ఆ నాలుగు రోజుల రెక్కల ఈగ. అది తిరిగేది సందెవేళ, రాత్రి. పిచికారీ తాకిడికి నేరుగా దొరికే దశ ఇదొక్కటే.

ఇప్పుడు మామూలుగా జరిగే పరీక్ష పద్ధతిని దీని పక్కన పెట్టి చూద్దాం. రసం పీల్చే పురుగుల మీద మందులను పరీక్షించేటప్పుడు పిచికారీకి ముందు రోజు ఒకసారి, తరువాత 1, 3, 7, 14 రోజులకు లెక్కలు తీసుకోవడం ఆనవాయితీ. పేనుబంకకు, తెల్లదోమకు ఇది చక్కగా సరిపోతుంది. ఇదే పట్టికను మొగ్గ ఈగకు అంటగడితే లెక్కలకు అర్థమే మారిపోతుంది. ఈ రోజు ఉబ్బి ఊదా రంగులో కనిపించే మొగ్గలో గుడ్లు పడి ఇప్పటికే కొన్ని రోజులు గడిచాయి. అందువల్ల పిచికారీ తరువాత మూడో రోజున లెక్కపెట్టిన చెడుమొగ్గలు పిచికారీకి ముందే చెడిపోయినవి. ఆ రోజున మందు కొట్టిన మొక్కలకు, కొట్టని మొక్కలకు మధ్య తేడా కనిపించకపోతే అది మందు లోపం కాకపోవచ్చు. రెక్కల ఈగను మందు నిజంగా చంపి ఉంటే దాని ఫలితం వారం దాటిన తరువాతే మొగ్గలలో కనిపించడం మొదలవుతుంది. తోటలలో ఏం జరుగుతుందంటే, మూడో రోజుకు తేడా లేదని రైతు మరో మందు కొడతాడు, ఆరో రోజుకు ఇంకొకటి. ఎనిమిదో రోజున మొగ్గలు శుభ్రపడితే ఆ పేరు చివర కొట్టిన మందుకు దక్కుతుంది. దుకాణాల దగ్గర చెప్పుకొనే కొన్ని మందుల ఖ్యాతి ఇలా పుట్టినదే అయి ఉంటుందని నా నమ్మకం.

పద్నాలుగో రోజున లెక్క ఆపేయడంలో దీనికి వ్యతిరేకమైన పొరపాటు ఉంది. మందు కొట్టిన రోజున మట్టిలో ఉన్న కోశస్థ పురుగులలో కొన్ని ఆ తరువాత పది, పదిహేను, ఇరవై రోజులకు కూడా ఈగలై లేస్తూనే ఉంటాయి. అప్పటికి ఆకుల మీది మందు ఎండకు విరిగిపోయి ఉంటుంది. పద్నాలుగు రోజుల పట్టికలో గొప్పగా కనిపించిన మందు నాలుగో వారానికి చప్పబడిపోవచ్చు, ఆ సంగతి పట్టికలో నమోదే కాదు. అందుచేత మొగ్గ ఈగ మీద చేసే ఏ పరీక్షనైనా కనీసం ఒక తరం, అంటే నాలుగు వారాలు నడపాలని నేను గట్టిగా చెబుతాను. మార్చి నుంచి జూన్ వరకు సాగే మల్లె కాలంలో ఇది కష్టమైన పని. లెక్కపెట్టేవాళ్లు రోజూ కోతకు ముందే తోటకు చేరాలి, లేకపోతే లెక్కపెట్టవలసిన మొగ్గలు బుట్టలలోకి వెళ్లిపోతాయి. అయినా దీనికి అడ్డదారి లేదు.

లెక్క ఎలా తీయాలన్నది కూడా ముఖ్యమే. పైకి ఉబ్బిన మొగ్గలను మాత్రమే గుర్తుపట్టి లెక్కపెడితే, అప్పుడే పురుగు ప్రవేశించిన మొగ్గలు తప్పిపోతాయి. గుర్తు కట్టిన మొక్కల నుంచి మంచీచెడూ ఎంచకుండా మొగ్గలు కోసి, కొన్నింటిని అక్కడికక్కడే సూదితో విప్పి చూడాలి. మిగతావాటిని తడి కాగితం పరచిన మూత డబ్బాలో రెండు మూడు రోజులు ఉంచితే, పెరిగిన పురుగులు వాటంతటవే బయటికి దూకి డబ్బా అడుగున దొరుకుతాయి. ఈ రెండు లెక్కలూ ఉంటే ఏ దశ పురుగు ఎంత ఉందో తెలుస్తుంది. మట్టికి వేసే మందును పరీక్షించేటప్పుడు మొగ్గల లెక్క సరిపోదు. చెట్టు కింద నేల మీద సన్నని వల గూళ్లు బోర్లించి, ప్రతి గూటిలోకి ఎన్ని ఈగలు లేచాయో చూడాలి.

మట్టి మందు పరీక్షలో ఇంకొక చిక్కు ఉంది. చిన్నచిన్న మళ్లుగా విభజించిన తోటలో, మందు వేసిన మడిలో ఒక్క ఈగ కూడా లేవకపోయినా, పక్కనే ఉన్న మందు వేయని మడిలో లేచిన ఈగలు ఎగిరివచ్చి దీని మొగ్గలలో గుడ్లు పెడతాయి. మొగ్గలను చూస్తే మందు పనిచేయలేదనే అనిపిస్తుంది. పని చేసిందన్న సాక్ష్యం మట్టి మీది గూటిలోనే ఉంటుంది. ఆకుల మీద పాకే పురుగుకు సరిపోయే మడి పరిమాణం ఎగిరే ఈగకు సరిపోదు. అంచు వరసలను లెక్కలోంచి తప్పించి, నడుమ ఉన్న మొక్కలనే చూడాలన్న నియమాన్ని ఇక్కడ మరింత కఠినంగా పాటించాలి.

ఇక మందు కొట్టని మడి సంగతి. ప్రయోగం కోసం తోట ఇచ్చిన రైతుకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. కళ్లముందు మొగ్గలు పాడవుతుంటే కొన్ని వరసలను వదిలేయమని అడగడం తేలిక కాదు, ఆ నష్టానికి పరిహారం ఇచ్చి తీరాలి. అయితే ఆ మడి లేకుండా మిగతా అంకెలన్నీ నిరర్థకం. ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్క చూపడానికి నేను అనుకున్న అంకెలు మాత్రమే. మందు కొట్టిన మడిలో కొమ్మకు 40 తామర పురుగులు (త్రిప్స్ అనే సన్నని రసం పీల్చే పురుగులు) ఉన్నాయనీ, వారం తరువాత 10 మిగిలాయనీ అనుకుందాం. చూడగానే 75 శాతం చచ్చాయని చెప్పాలనిపిస్తుంది. అదే వారంలో గట్టి వాన పడి, మందు కొట్టని మడిలో కూడా 40 కాస్తా 20 అయ్యాయనుకుందాం. మందు లేకుండానే సగం పోయాయన్న మాట. మిగలవలసిన 20లో మందు తగ్గించినది 10, కనుక మందు అసలు సామర్థ్యం 50 శాతమే. పిచికారీకి ముందు, తరువాత రెండు మళ్లలోనూ ఉన్న సంఖ్యలను కలిపి చేసే ఈ సవరణను హెండర్సన్, టిల్టన్ 1955లో ప్రతిపాదించారు. దానికి ముందు 1925లో అబాట్ ఇచ్చిన సూత్రం ఇంకా సరళమైనది. మొదట అన్ని మళ్లలోనూ పురుగు సమానంగా ఉందన్న నమ్మకం ఉన్నప్పుడు ఇప్పటికీ దాన్నే వాడతారు. పూలతోటలో పురుగు ఎన్నడూ సమానంగా పరుచుకొని ఉండదు. నీడపట్టున, కాలువ పక్కన, గట్టు వారన గుంపులుగా ఉంటుంది. అందుకే పూలకు హెండర్సన్, టిల్టన్ సూత్రమే తగినదని నా అభిప్రాయం.

ఆ అసమానత కారణంగానే తోటను తడి ఎక్కువ భాగం, తక్కువ భాగం అని కట్టలుగా విడదీసి, ప్రతి కట్టలోనూ అన్ని మందులూ ఒక్కోసారి వచ్చేలా, చీటీలు తీసి మళ్లు కేటాయిస్తారు. దీన్నే రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్ అంటారు. ఎన్ని కట్టలు కావాలన్నదానికి మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో ఒక పనికివచ్చే లెక్క ఉంది: చర్యల (పోల్చి చూసే ఒక్కో మందు లేదా పద్ధతి) సంఖ్యలోంచి ఒకటి, కట్టల సంఖ్యలోంచి ఒకటి తీసి గుణిస్తే కనీసం 12 రావాలి. మందు కొట్టని మడితో కలిపి ఏడు చర్యలు ఉంటే మూడు కట్టలు చాలు, అయిదే ఉంటే నాలుగు కావాలి. మందు కొట్టని మడిలో వట్టి నీటిని అదే పంపుతో, అదే నాజిల్‌తో, అదే పరిమాణంలో కొట్టాలి. నీటి ధార కూడా కొన్ని పురుగులను రాల్చేస్తుంది, ఆ భాగాన్ని మందు ఖాతాలో వేయకూడదు. ముందు నీరు కొట్టి, తరువాత తక్కువ మోతాదు, ఆ తరువాత ఎక్కువ మోతాదు కొట్టడం, ప్రతి మందుకు మధ్య ట్యాంకును, గొట్టాన్ని కడగడం చిన్న విషయాలుగా కనిపిస్తాయి. అవి లోపించిన ప్రయోగంలో సి.డి. విలువ (రెండు చర్యల మధ్య తేడా నిజమైనదని చెప్పడానికి కావలసిన కనీస అంతరం) ఎంత చక్కగా వచ్చినా నేను నమ్మను.

తామర పురుగుల గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను. అవి కూడా రేకుల మధ్య దాక్కుంటాయి. వాటి మగపురుగులు ఫలదీకరణం చెందని గుడ్ల నుంచి, జంటలుగా ఉండే క్రోమోజోములతో కాక ఒంటి క్రోమోజోములతో పుడతాయి కనుక, మందును తట్టుకొనే జన్యువు ఉన్న మగపురుగు ఆ గుణాన్ని దాచుకోకుండా వెంటనే ప్రదర్శిస్తుంది. తరాలు కూడా వేగంగా నడుస్తాయి. గ్రీన్‌హౌస్ గులాబీ, చామంతి, ఆర్కిడ్లలో తామర పురుగులు ఒకదాని తరువాత ఒకటిగా మందులకు లొంగకుండా పోవడం ఇందువల్లే. కాబట్టి పరీక్షలో పెట్టే మందులను కంపెనీ పేర్లను బట్టి కాకుండా అవి పురుగు శరీరంలో ఎక్కడ దెబ్బకొడతాయన్న దాన్ని బట్టి ఎంచుకోవాలి. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ రెండూ ఒకే చోట దెబ్బకొట్టేవి. వాటిని ఒకదాని వెనుక ఒకటి కొట్టడం మందు మార్చినట్లు కాదు. పైరెత్రాయిడ్ తరగతి మందులు పదేపదే కొట్టిన మల్లెలో ఎర్రనల్లి విజృంభించడం రైతులకు తెలిసిన సంగతే, ఎందుకంటే ఆ మందులు నల్లిని తినే మిత్రకీటకాలను ముందు చంపుతాయి. లక్ష్యంగా పెట్టుకున్న పురుగుతో పాటు నల్లిని కూడా లెక్కపెట్టని పరీక్ష సగం పరీక్షే.

పూల మొక్కల పరీక్షకు, ఆహార పంటల పరీక్షకు అతి పెద్ద భేదం మొక్కకు కలిగే హాని దగ్గర ఉంది. వంకాయ ఆకు అంచు కొద్దిగా మాడితే దిగుబడి తగ్గదు. పూరేకు మీద ఒక్క గోధుమరంగు మచ్చ పడితే ఆ పువ్వుకు ధర లేదు. నూనె ఆధారంగా తయారై, నీటిలో పాలలా కలిసే ఇ.సి. మందులు మెత్తని రేకులను మాడ్చే అవకాశం ఎక్కువ. పొడి మందులు రేకు మీద తెల్లని మరక వదులుతాయి. ఎండ వేళ కొడితే ఈ హాని పెరుగుతుంది. అందుకని సిఫారసు మోతాదుతో పాటు దానికి రెట్టింపు, నాలుగింతలు కూడా కొట్టి, ఆకు కొన మాడటం, వాడటం, ఈనెలు తెల్లబడటం, ఆకు పైకి గాని కిందికి గాని ముడుచుకోవడం వంటి లక్షణాలకు 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తారు. ఈ పట్టిక ఆకును దృష్టిలో పెట్టుకొని తయారైనది. మల్లెకు దానిలో రెండు వరసలు అదనంగా చేర్చాలని నేను కోరుతాను: మొగ్గ ఆ సాయంత్రం సరిగా విచ్చుకున్నదా, వాసన మునుపటిలా ఉన్నదా. వాసనను కొలిచే యంత్రం లేని చోట, ఏ మొగ్గకు ఏ మందు కొట్టారో తెలియని కొందరి చేత వాసన చూపించి మార్కులు వేయించడంలో శాస్త్రానికి లోటేమీ లేదు.

ఈ విషయంలో అమెరికాలో ఒక చక్కని ఏర్పాటు ఉంది. పెద్ద పంటలకు మందుల పరీక్షలు కంపెనీలే చేయించుకుంటాయి. తక్కువ విస్తీర్ణంలో పండే పంటలకు చేయిస్తే గిట్టుబాటు కాదు. ఆ లోటు తీర్చడానికి 1963లో ఐఆర్-4 అనే ప్రభుత్వ పథకం మొదలైంది. 1977 నుంచి అలంకరణ మొక్కలను కూడా అందులో చేర్చారు. వందలాది పూల జాతుల మీద ఏ మందు మొక్కను మాడ్చదో, ఏ పురుగును అణుస్తుందో అక్కడి విశ్వవిద్యాలయాలు ఈ పథకం కింద పరీక్షిస్తాయి, హవాయి ఆర్కిడ్లు, ఆంథూరియంలు అందులో భాగమే. మన దేశంలో 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం ఏ మందును ఏ పంట మీద ఏ పురుగుకు వాడవచ్చో నమోదు చేసి లేబుల్ మీద అచ్చువేయాలి. మల్లె, కనకాంబరం, లిల్లీ వంటి పేర్లు ఆ లేబుళ్ల మీద కనిపించడం అరుదు. కడియం దగ్గరి వేమగిరిలో జాతీయ పుష్ప పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. చిన్న పంటలకు కంపెనీల మీద ఆధారపడకుండా ప్రభుత్వమే పరీక్షల ఖర్చు భరించే పథకం ఇలాంటి చోట్ల నడవాలని నేను బలంగా కోరుకుంటున్నాను.

లేబుల్ లేని చోటును పాత కరపత్రాలు నింపుతున్నాయి. మల్లె మొగ్గ పురుగులకు మోనోక్రోటోఫాస్, ఎర్రనల్లికి డైకోఫాల్ అని రాసిన కాగితాలు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపివేసింది. ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్వాస్ 2020 చివరితో నిషేధంలోకి వెళ్లాయి. డైకోఫాల్‌ను, మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని 2023 నాటి ఉత్తర్వు తొలగించింది. ఒక సిఫారసు చదివేటప్పుడు అందులోని మందు పేరుకంటే ముందు అది ఏ సంవత్సరం నాటిదో చూడాలి.

మొగ్గ ఈగ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచనలో పడేసేది కోత. ఈగ లేచేది సందెవేళ కనుక సాయంత్రం కొట్టిన పిచికారీయే దానికి బాగా తగులుతుంది. అదే తోటలో మర్నాడు తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే ఆడవాళ్లు ఒట్టి చేతులతో మొగ్గలు కోస్తారు. మధ్య గడిచేది పది గంటలు కూడా ఉండదు. అమెరికాలో చాలా మందుల లేబుళ్లు పిచికారీ తరువాత 12 గంటలు, కొన్నింటి విషయంలో 24 లేదా 48 గంటలు కూలీలను తోటలోకి రానివ్వవద్దని చెబుతాయి. పురుగును చంపడానికి ఏది మంచి సమయమో అదే కోసే చేతులకు చెడ్డ సమయం. పూలు ఆహారం కావు కనుక వాటికి అవశేషాల గరిష్ఠ పరిమితి కూడా నిర్ణయించలేదు. బెల్జియంలో కొన్నేళ్ల కిందట గులాబీ, జెర్బెరా, చామంతి పూలగుత్తులను పరీక్షిస్తే నూటికి పైగా రకాల మందుల అవశేషాలు బయటపడ్డాయి, వాటిని కట్టే దుకాణదారుల చేతి తొడుగుల మీద కూడా అవి అంటుకొని ఉన్నాయి. మన ఇళ్లలో మల్లెలు గంటల తరబడి తలలో ఉంటాయి, దిండు మీద ఉంటాయి, పసిపిల్లల జడలలో ఉంటాయి. కాబట్టి మల్లె మీద మందు పరీక్షలో ఆకును, మొగ్గను తాకిన చేతికి మర్నాటి ఉదయం ఎంత మందు అంటుతోందన్న కొలత తప్పనిసరి కావాలి. అది లేకుండా సాయంత్రపు పిచికారీని సిఫారసు చేయడం అన్యాయమని నేను భావిస్తాను.

అందుకే నేను చూడాలని కోరుకునే ప్రయోగంలో మందులతో పాటు మందు లేని చర్యలు కూడా సమాన హోదాలో ఉండాలి. హవాయిలో ఎర్ర అల్లంపూలను ఎగుమతికి ముందు 49 డిగ్రీల వేడినీటిలో కొన్ని నిమిషాలు ముంచి పేనుబంకను, పిండినల్లిని చంపే పద్ధతిని కూడా మందుల మాదిరిగానే ప్రయోగాలలో పరీక్షించారు. మల్లెకు వేడినీరు పనికిరాదు గాని, మనకు వేరే మార్గాలు ఉన్నాయి. కోసేవాళ్లు ఉబ్బిన మొగ్గలను కొమ్మ మీద వదిలేయడమో నేల మీద పారేయడమో చేస్తుంటారు. అవి నేల చేరితే పురుగులకు కావలసిన మట్టిని మనమే అందించినట్లవుతుంది. అటువంటి మొగ్గలను వేరే సంచిలోకి కోసి, మూతి కట్టి ఎండలో పెట్టడం ఒక చర్యగా, పాదుల మట్టిని వారం వారం పైపైన గీరి కోశస్థ పురుగులను ఎండకు పెట్టడం మరొక చర్యగా, శీతకాలంలో నీరు ఆపి, గొర్రెల మందతో ఆకు మేపించి, కొమ్మ కత్తిరించిన తరువాత పాదులు తిరగదవ్వడం ఇంకొక చర్యగా పెట్టి, మందు కొట్టిన మళ్లతో పాటు నాలుగు వారాలు లెక్కించాలి. వీటికి అయ్యే కూలి ఖర్చును, మందు ఖర్చును పక్కపక్కనే రాయాలి.

మైలవరం వైపు గాని, మంగళగిరి వైపు గాని, మరెక్కడైనా గాని మల్లె వేసిన రైతు విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఆగనక్కరలేదు. తోట మధ్యలో, గట్టుకు దూరంగా రెండేసి వరసల చొప్పున మూడు చోట్ల ఎంచుకొని, అక్కడ ఉబ్బిన మొగ్గలు ఏరివేసి మట్టి గీరడం మాత్రమే చేసి, మరో మూడు చోట్ల మామూలుగా కొట్టే మందు కొట్టి, ఇంకో మూడు చోట్ల వట్టి నీరు కొట్టి చూడవచ్చు. ఏ వరసలకు ఏది రావాలో చీటీ తీసి నిర్ణయించుకోవాలి. వారానికి రెండుసార్లు, కోతకు ముందు, ఒక్కో చోట వంద మొగ్గలు ఎంచకుండా కోసి, అందులో చెడినవి ఎన్నో తేదీతో సహా పుస్తకంలో రాయాలి. వాన పడిన రోజు, నీరు కట్టిన రోజు, మందు పేరు, లీటరుకు పోసిన మోతాదు, కొట్టిన గంట కూడా అక్కడే రాయాలి. మొదటి వారం అంకెల మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. రెండో వారం నుంచి నాలుగో వారం వరకు వచ్చిన అంకెలను నీరు కొట్టిన వరసలతో పోల్చి, ఆ పుస్తకాన్ని దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో కీటకశాస్త్రవేత్తకు చూపిస్తే, ఆ తోటలో ఈగ మట్టిలోంచి ఎప్పుడు లేస్తోందో, పిచికారీ నిజంగా అవసరమైన రోజులు ఏవో ఇద్దరూ కూర్చొని గుర్తించవచ్చు.